అద్దాలాయన కాఫీ మానేసిన మూడు వారాలు

శుక్రవారం ఉదయం పదకొండింటికి, కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే ఆయన ఒక గుండ్రటి ఫ్రేముకు ఎడమకంటి అద్దాన్ని కుడివైపు, కుడికంటి అద్దాన్ని ఎడమవైపు బిగించి, రిటైరైన లెక్కల మాస్టారి ముక్కు మీద పెట్టి, "ఎలా ఉంది సార్?" అని అడిగాడు. మాస్టారు బాగుందన్నారు. లేచి, బయటికి దారి అనుకుని, ఫ్రేముల బీరువాలోకి మర్యాదగా నడిచి వెళ్ళారు.

ఇరవై ఏళ్ళ సర్వీసులో అద్దాలాయనకు ఇలాంటి పొరపాటు జరగలేదు. ఆ ఇరవై ఏళ్ళలో ఆయన మూడు రోజులు వరసగా కాఫీ లేకుండా ఉన్నదీ లేదు. యజమాని ఆయన్ని వెనకగదికి పరిమితం చేశాడు.

కాఫీ మానెయ్యమన్నది పరుగుల క్లబ్బు కోచ్. ఆ క్లబ్బులో నలభై దాటినవాళ్ళ రిలే జట్టు ఒకటుంది. నలుగురిలో అద్దాలాయన నాలుగోవాడు. సకిలించినట్టు ఊపిరి తీస్తాడని మిగతా ముగ్గురూ ఆయన్ని 'గుర్రం' అంటారు. వారం మొత్తంలో ఆయన్ని ఆటపట్టించే మనుషులున్నది ఆదివారం పొద్దున ఆ రెండు గంటలే. అమ్మ పోయాక ఇంట్లో ఆయనతో మాట్లాడేది కుక్కరొక్కటే, అదీ మూడు కూతలు.

ఈమధ్య బ్యాంకు క్యాషియరొకాయన క్లబ్బులో చేరాడు. మూడు వారాల తర్వాత జరిగే పోటీలో ఐదు కిలోమీటర్లు ఇరవయ్యారు నిమిషాల్లోపు పరిగెత్తకపోతే గుర్రం చోటు ఆ క్యాషియరుదేనని కోచ్ తేల్చేశాడు.

"కాఫీ తాగితే పరుగు పెరుగుతుందంటారు కదండీ. నేను రోజుకి ఆరు తాగుతాను. మరి నాకెందుకు పనిచెయ్యట్లేదు?"

"అందుకే పనిచెయ్యట్లేదయ్యా! ఒంటికి అలవాటైపోయింది. ఈ మూడు వారాలూ ముట్టుకోకు. పోటీనాడు ఒక్కసారి తాగు. చూస్కో, రాకెట్టే!"

దుకాణం పక్క సందులో కాఫీ బండి నడిపే ఆవిడ అద్దాలాయనకు అక్క వరస కాదు గానీ, అక్కే. దుకాణం తెరిచిన రోజుల్లో ఆరేసిసార్లు "ఏం తమ్ముడూ, ఎవరి కళ్ళు పోగొట్టొచ్చావ్?" అనేది. "నీ కళ్ళే మిగిలాయక్కా" అనేవాడు ఈయన. అదే మాట, అదే జవాబు. వాసన తగిలితే ఆగలేనని ఆయన వెనక వీధిలోంచి చుట్టు తిరిగి దుకాణానికి రావడం మొదలుపెట్టాడు. కాఫీ మానేసినందుకు పట్టుకున్న తలనొప్పి వారంలో పోయింది. రెండోవారంలో ఒక సాయంత్రం వెనకగదిలో అరగదీసే యంత్రం ఆపాక, పొద్దున్నుంచి తన గొంతు తాను విననేలేదని అనుమానం వచ్చి, ఒకసారి దగ్గి చూసుకున్నాడు. పనిచేస్తోంది.

పోటీనాడు చిక్కటి కాఫీ పెద్ద గ్లాసుడు తాగాడు. మొదటి కిలోమీటరు నిజంగానే రాకెట్టు. రెండోదానిలో గుండె చెవుల్లో కొట్టుకుంది. మిగతా మూడింటిలో సకిలింపు తప్ప చెప్పుకోదగ్గదేమీ లేదు. ఇరవయ్యారు నిమిషాల తొమ్మిది సెకన్లు.

పోటీ శిబిరంలో నాడి చూసిన డాక్టరమ్మ సంగతంతా విని నిట్టూర్చింది. "రోజూ తాగేవాళ్ళకి లాభం తగ్గుతుందని కొన్ని పరీక్షల్లో తేలిందండీ. ఏమీ తగ్గదని మరికొన్నింట్లో తేలింది. ముందు మానేస్తే మేలని మాత్రం ఎవరూ గట్టిగా తేల్చలేదు. ఎప్పటిలా తాగి పరిగెత్తాల్సింది."

పక్కనే ఉన్న కోచ్ వంగి, బూటు లేసు చాలాసేపు కట్టుకున్నాడు.

జట్టులోని ముగ్గురూ వచ్చి భుజం తట్టారు. "గుర్రం, అప్పుడప్పుడూ కనపడుతుండు" అన్నారు. అవతల క్యాషియరుకు అప్పుడే ఏదో పేరు పెట్టి నవ్వుతున్నారు.

అద్దాలాయన తిన్నగా కాఫీ బండి సందులోకి నడిచాడు. అక్క గ్లాసులు కడుగుతూ తలెత్తనైనా లేదు.

"మూడు వారాలు! ఒంట్లో బాలేదో, ఊళ్ళో లేవో అని నేను కొట్టుకోవాలా? మానేసేవాడివి ఒక్క మాట చెప్పి మానెయ్యకూడదూ?"

"ఇకమీదట ఆదివారాలు కూడా వస్తాలే అక్కా."