దేవదానం మాస్టారి ఆదివారం దిగుళ్ళు

దేవదానం మాస్టారికి దిగులుపడటం వచ్చినంత బాగా ఇంకేదీ రాదు. ముప్పై ఏళ్ళు బళ్ళో చెప్పిన లెక్కలు కూడా దాని తరవాతే.

ముమ్మిడివరం దగ్గరి ఆ ఊరి చర్చిలో, ఆరాధన చివర "ప్రార్థన అవసరతలు ఉన్నవాళ్ళు చెప్పండి" అని పాస్టరు అడగడం ఆనవాయితీ. ఇంట్లో జ్వరమో పరీక్షో ఉన్నవాళ్ళు లేచి చెబుతారు. మాస్టారు మాత్రం ప్రతి వారం లేస్తారు. ఆయన లేచారంటే ఆడవాళ్ళు ఇంటి దగ్గర వంట తలుచుకుని నిట్టూరుస్తారు.

"అమలాపురం బస్సు డ్రైవరు గారు దగ్గుతున్నారండి, ఆయన కోసం. మా ఎదురింటి కొబ్బరిచెట్టు రోడ్డు మీదకి వాలిందండి, కింద నించి వెళ్ళేవాళ్ళ కోసం. రొయ్యలేసి నిద్రపట్టని ఒకాయన కోసం. పరీక్ష తప్పి ఇంట్లో చెప్పలేని ఒకమ్మాయి కోసం..."

"చెట్టు కోసం కిందటి వారం చేసేం కదండీ మాస్టారూ!" అనేది వెనక వరసలోంచి కృపావతి.

"ఇంకొంచెం వాలిందమ్మా."

కొత్తగా వచ్చిన పాస్టరు సుధీర్‌కి ఇదంతా తలనొప్పి. అసలే అతనికి మనసు బాగోలేదు. భార్య రెబెకాకి మూడో నెల. కిందటిసారి నిలవలేదు. అందుకని ఈసారి రాజోలులో పుట్టింట్లో ఉంది. సుధీర్ దిగులుపడొద్దని అందరికీ ప్రసంగం చెప్పి, ఖాళీ ఇంటికొచ్చి ఫోను పట్టుకు కూర్చునేవాడు. "బాగానే ఉన్నానండీ" అని ఆమె పెట్టేసిన కాసేపటికే మళ్ళీ అడగాలనిపించేది. ఎవరితో చెప్పుకుంటాడు? పాస్టరుకే నమ్మకం లేదంటారు. ఆ ఊళ్ళో తనంత ఒంటరివాడు లేడనుకున్నాడు.

ఒక ఆదివారం అతని ఓపిక అయిపోయింది. "మాస్టారూ, వచ్చే వారం నించి ఒక్కటే చెప్పండి."

"ఒక్కటేనాండీ?"

"ఒక్కటే."

"ఆయ్," అని మాస్టారు కూర్చున్నారు.

మరుసటి వారం ఆయన లేచారు, నోరు తెరిచారు, మూశారు. "ఏదని చెప్పనండీ," అని మళ్ళీ కూర్చున్నారు. ఆరాధన తొందరగా అయిపోయింది. ఎందుకో ఎవరి మొహంలోనూ సంతోషం లేదు.

మధ్యాహ్నం సుధీర్ ఇంటికి పోలిరాజు వచ్చాడు. రొయ్యల చెరువు చేసుకునే మనిషి, చర్చి గడప ఎప్పుడూ తొక్కనివాడు.

"పాస్టరు గారండీ, మాస్టారు ఈవేళ నాది చెప్పలేదటండి?"

"మీదేంటండీ?"

"రొయ్యలేసి నిద్రపట్టని ఒకాయనంటే నేనేనండి. మా ఇంట్లో కంగారుపడతారని ఎవరికీ చెప్పలేదండి. మాస్టారికి చెప్తే ఆయన దిగుళ్ళలో కలిపేస్తారండి. అంత పోగులో నాదేదో ఎవరికి తెలుస్తుందండీ?"

అతను వెళ్ళగానే కృపావతి వచ్చింది. "నాదీ ఒకటుందండి. ఏంటని అడక్కండి," అంది నేలకేసి చూస్తూ.

"మరి ఆ కొబ్బరిచెట్టు ఎవరిదండీ?"

"చెట్టు మాత్రం మాస్టారి సొంత దిగులేనండి."

సాయంత్రం సుధీర్ మాస్టారింటికి వెళ్ళాడు. అరుగు మీద ఆయన ఒక్కరే కూర్చుని ఎదురింటి చెట్టుకేసి చూస్తున్నారు. పక్కన ఖాళీ కుర్చీ ఉంది.

"ఈ వారం ఎవ్వరూ రాలేదండి," అన్నారు. "మా ఆవిడ సువర్ణ పోయేక ఈ కుర్చీలో మనిషి కూర్చునేది వాళ్ళ దిగులు నాకు చెప్పడానికేనండి. ఒక్కటే అంటే ఎవరిది చెప్పనండీ? ఎవరిది మాననండీ?"

సుధీర్‌కి సిగ్గేసింది. ఆ కుర్చీలో కూర్చున్నాడు. "ఇక నించి ఎన్నైనా చెప్పండి మాస్టారూ," అన్నాడు. "నాదొకటి కలపాలండి," అని రెబెకా సంగతంతా చెప్పేశాడు.

మాస్టారు ధైర్యం చెప్పలేదు. ఏమీ కాదనీ అనలేదు. అంతా విని, "ఆయ్. ఎక్కడ పెట్టమంటారండీ? బస్సు డ్రైవరు తరవాతా, చెట్టుకి ముందా?" అన్నారు. సుధీర్‌కి చాన్నాళ్ళ తరవాత నవ్వొచ్చింది.

తరవాతి ఆదివారం మాస్టారు లేచారు. డ్రైవరు దగ్గు, రొయ్యలు, పరీక్ష, అన్నీ వచ్చాయి. "ఫోను పట్టుకుని కంగారుపడే ఒకాయన కోసమండి," అన్నారు. సుధీర్ గట్టిగా కళ్ళు మూసుకున్నాడు.

"ఎవరండీ మాస్టారూ ఆయన?" అంది కృపావతి.

"నాకేం తెలుసమ్మా. చెట్టు మాత్రం ఇంకొంచెం వాలింది."

ఆవేళ అందరిళ్ళల్లోనూ భోజనాలు ఆలస్యమయ్యాయి. సుధీర్ రెబెకాకి రెండుసార్లే ఫోన్ చేశాడు.