లోపలి గదికి మందు

‘పోన్లెండమ్మా’ అన్న మాటకు రాయగడ జిల్లా చరిత్రలో దక్కవలసిన చోటు ఇంతవరకూ దక్కలేదు. కోటలు కత్తులకు లొంగాయంటారు. లోపలి గదులు మాత్రం ఈ ఒక్క మాటతోనే దోమలకు ధారాదత్తమయ్యాయి. ఆ మహాదానం చేసిన దాత అసిరయ్య. తొలకరికి ముందు ఊరూరా తిరిగి ఇళ్ళ గోడలకు దోమలమందు కొట్టే రోజుకూలీ.

ఇల్లాలు గుమ్మానికి అడ్డం నిలబడి, లోపల దేవుడున్నాడనో, నిన్ననే ఎర్రమట్టి అలికాననో అంటే చాలు, అసిరయ్య పంపు దించేవాడు. ‘పోన్లెండమ్మా’ అనేవాడు. ఆనక తలుపు మీద ఎర్ర జాజుతో, అన్ని గదులూ అయినట్టు ఒడియాలో రాసేవాడు. మందు గోడల మీద తెల్లగా చారలు కడుతుంది, కంపు కొడుతుంది. ఒకరి మనసు నొప్పించి తాను కట్టుకుపోయేదేముందని అతని వేదాంతం.

ఈ ఏడు గుడారి దగ్గర, కూతురు లిప్సాను ఇచ్చిన ఊరు అతని వంతుకు వచ్చింది. లిప్సాకు ఆరో నెల. కడుపుతో ఉన్న మనిషికి మలేరియా వస్తే తల్లికీ బిడ్డకీ ముప్పని అసిరయ్య ఊరూరా వల్లించినవాడే. ఈసారి ఆ మాట తనకే వినబడింది. ఈ ఇంట్లో ఒక్క మూల కూడా వదలనని ఒట్టు పెట్టుకున్నాడు.

వియ్యపురాలు వరహాలమ్మ కుర్చీ వేసింది, టీ ఇచ్చింది. వసారా, వంటిల్లు అయ్యాక అతను లిప్సా పడుకునే లోపలి గది వైపు అడుగేశాడు.

“అదేటన్నియ్యా, అటెల్తన్నావు? మొన్ననే రంగులేయించేం. నీ కూతురి కోసమే.”

“దాని కోసమే సెల్లెమ్మా. బేగి అయిపోద్ది.”

“కడుపుతో ఉన్న పిల్ల ఆ కంపులో పడుకుంటాదేటి? పిల్లనిచ్చేవు సరే, మా గోడలు కూడా నీకే ఇచ్చేమేటి?”

“కొట్టనీ అత్తా, మా అయ్య పనే అది కదా,” అంది లిప్సా తలుపు వెనక నుంచి.

“నువ్వూరుకో అమ్మీ. పెద్దోలం మాటాడతన్నాం.”

ఆడపిల్ల తండ్రి ఆ గుమ్మంలో ఒక మాట ఎక్కువ అంటే, మర్నాటి నుంచి దానికి జవాబులన్నీ లిప్సాయే వినాలి. అసిరయ్య పంపు దించాడు.

“పోన్లే సెల్లెమ్మా.”

తలుపు మీద ఎప్పటి రాతే రాశాడు.

ఎనిమిదో నెల నిండకుండానే లిప్సాకు చలిజ్వరం వచ్చింది. వాగు పొంగి, ఆసుపత్రికి చేరేసరికి ఆలస్యమైంది. లిప్సా దక్కింది. మగబిడ్డ దక్కలేదు.

విచారణకు వచ్చిన అధికారి తలుపు మీది రాత చదివి, ఇక్కడ మందు పూర్తిగా పడింది కాబట్టి దోమ పుట్టింట్లో కుట్టి ఉంటుందని తేల్చాడు.

“అదేనండి బాబూ!” అంది వరహాలమ్మ. “సీమంతానికని అట్టుకెల్లి జొరం అంటించి పంపేరు.”

“లోపలి గదికి నేను కొట్టలేదు బాబూ,” అన్నాడు అసిరయ్య.

అధికారి ఒకసారి అతని వైపు, ఒకసారి తలుపు వైపు చూసి, తలుపునే నమ్మాడు.

లిప్సా మళ్ళీ అత్తారింటికి వెళ్ళలేదు. రెండో విడతకు వేరే మనిషి వచ్చి లోపలి గదికి మందు కొట్టాడు. ఎవరూ అడ్డం చెప్పలేదు. అప్పటికి అందులో చోళ్ళ బస్తాలున్నాయి.