అక్క వేసిన చెంబు

ఎవరైనా దయ్యాల కథ మొదలుపెడితే లేచి వెళ్లిపోయే మనిషిని నేను. ఇప్పటికీ నమ్మను. కోపం తగ్గక ఇది చెబుతున్నాను.

మా అక్కను బోధన్ దగ్గర చెరుకు పండించే ఇంటికి ఇచ్చారు. తీరిక దొరికితే నీటిరంగులతో బొమ్మలు వేసేది. ఒకసారి వంటింట్లోని ఇత్తడి చెంబును వేసింది. మెడ దగ్గర సొట్ట, చింతపండుతో తోమిన గీతలు, అంచు దాకా నీళ్లు, ఆ నీళ్లలో కిటికీ నీడ. మెరుపు కోసం తెల్లరంగు వాడలేదు, అక్కడ కాగితాన్నే తెల్లగా వదిలేసింది. చూస్తే దాహం వేసేది. ముచ్చటపడి ఫోన్లో ఫొటో తీసుకున్నాను.

"చెంబు బొమ్మ ఎవలు సూస్తరు?" అని బావ నవ్వాడు.

పోయిన ఎండాకాలం అక్క జ్వరంతో చనిపోయింది. నేను నిజామాబాద్ నుంచి చేరేసరికి ఆమె పెదవులు పగిలి ఉన్నాయి. పక్కింటి ముసలామె నన్ను పెరట్లోకి తీసుకెళ్లింది.

"నీళ్లు, నీళ్లని శానాసేపు పిలిసింది బిడ్డా. గోడవతల నాకు ఇనవడ్డది. టీవీ ముందల కూసున్న నీ బావకు ఇనవడలే. నేను తలుపు కొడితే తియ్యలే."

పదోరోజు భోజనాల దగ్గర, అక్క మంచం దగ్గరే కూర్చుని అన్నీ చూసుకున్నానని బావ అందరికీ చెబుతున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. అతని ముఖం చూడలేక, ఫ్రేము కట్టించి గోడకు తగిలించిన అక్క చెంబు బొమ్మవైపు తిరిగాను.

చెంబులో నీళ్లు లేవు.

అద్దం, ఫ్రేము అలాగే ఉన్నాయి. వెనక అతికించిన కాగితం చిరగలేదు. నీళ్లు ఉండాల్సిన చోట చెంబు లోపలి అడుగు కనిపిస్తోంది. ఫోన్లో పాత ఫొటో తెరిచి బొమ్మ పక్కన పెట్టాను. చుట్టాలు ఒక్కొక్కరే లేచి వచ్చి చూశారు.

"ఎండకు రంగు పోయుంటది" అన్నాడు బావ.

"మా అక్క నీళ్లడిగితే ఎందుకియ్యలే బావా?" అని అందరి ముందే అడిగాను.

"టీవీ సప్పుడుల ఇనవడలే" అన్నాడు. మంచం దగ్గరే ఉన్నానన్న మనిషి.

బొమ్మను గోడమీంచి తీసుకుని వచ్చేశాను. ఎవరూ అడ్డం రాలేదు.

నిజామాబాద్‌లో బొమ్మలు నేర్పే సారుకు చూపించాను. దీన్ని కడగలేదు, గీకలేదు, మీద మళ్లీ రంగు వేయలేదు, మొదటే ఖాళీ చెంబును వేశారు అన్నారాయన. ఫొటో చూపించాక బొమ్మను కిటికీ దగ్గరికి తీసుకెళ్లి మళ్లీ చూశారు.

మొన్న బావ మనిషిని పంపాడు, బొమ్మ ఇమ్మని. తనే వచ్చి మా అమ్మ ముందు నిలబడి అడగమన్నాను. రాలేదు.

ఆ నీళ్లు ఏమయ్యాయో నాకు తెలియదు. "నా బిడ్డే తాగింది" అంటుంది అమ్మ. నేను అవుననలేను. అమ్మ ముఖం చూసి కాదనలేను.