మేనమామ వేషం కట్టిన మా సుభానీ అన్నయ్య

నిన్న పొద్దున ఏడున్నరకు ముంతాజ్ వదిన నంబర్ నుంచి ఫోన్.

ఆ టైములో వదిన ఎప్పుడూ చేయదు. ఎత్తడానికే భయమేసింది. మాట్లాడింది వాళ్ళ పక్కింటావిడ. "సుభానీ గారు పోయారండీ. ముంతాజ్ గారు మీకు చెప్పమన్నారు."

ఇంట్లో ఎవరికీ చెప్పకుండా కాసేపు మంచం మీదే కూర్చున్నాను.

సుభానీ అన్నయ్య బందరులో మా ఆఫీసు టైపిస్టు. పద్నాలుగేళ్ళు నా పక్క సీటు. నేను అన్నయ్యా అనేదాన్ని, ఆయన చెల్లెమ్మా అనేవారు.

అంత భయస్థుణ్ణి నేను చూడలేదు. ఆఫీసర్ పిలిచారంటే లోపలికి వెళ్ళేముందు రెండు గ్లాసుల నీళ్ళు తాగేవారు. మీటింగులో పేరు చెప్పమంటే గొంతు పెగిలేది కాదు.

ఆ మనిషి చేసిన ఒక పని గురించి ఈ రోజు చెప్పాలి. ఎవరికీ చెప్పొద్దని మాట తీసుకున్నారు. క్షమించండి అన్నయ్యా.

ఐదేళ్ళ కిందట, మే నెల, ఒక ఆదివారం సాయంత్రం. చల్లపల్లిలో ఏదో మ్యూజికల్ కామెడీ నాటకం వేస్తున్నారని మా అమ్మాయి హారిక పట్టుబట్టింది. దానికి అప్పుడు ఏడేళ్ళు. నేను, హారిక, అన్నయ్య, వదిన బస్సెక్కాం.

పెద్ద రేకుల షెడ్డు. లైటింగ్ కోసం చుట్టూ నల్ల గుడ్డలు కట్టారు. గేటు ఒక్కటే, వెనకవైపు.

నాటకమంతా ఒక పెళ్ళి. ప్రేక్షకులే చుట్టాలు. ఎడమవైపు కూర్చున్న మేం ఆడపెళ్ళివారం, కుడివైపు వాళ్ళు మగపెళ్ళివారు. స్టేజీ మీద ఒక లైను పాడగానే, అవతలి వియ్యాలవారిని వెక్కిరిస్తూ మనం పల్లవి అందుకోవాలి. వాళ్ళు మా గారెల మీద పడ్డారు, మేం వాళ్ళ మీసాల మీద. కడుపుబ్బ నవ్వాం.

తోడిపెళ్ళికూతుళ్ళు కావాలని చిన్నపిల్లలను పైకి పిలిచారు. హారిక పరుగెత్తింది.

తర్వాత, పెళ్ళికూతురిని గంపలో మోసుకురావడానికి మేనమామ కావాలన్నారు. నేనే, సరదాకి, అన్నయ్య వైపు వేలు చూపించాను.

ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. "వద్దు చెల్లెమ్మా, పడిపోతాను" అని బతిమాలారు. అప్పటికే ఇద్దరు నటులు వచ్చి రెక్కలు పట్టుకుని తీసుకెళ్ళిపోయారు.

మెడలో కండువా వేసి మైకు చేతికిచ్చారు. ఒక్క మాట రాలేదు. మోకాళ్ళు వణకడం నాకు కింది నుంచే కనిపిస్తోంది. జనం అదీ నటనే అనుకుని ఇంకా నవ్వారు.

నాకు నవ్వు ఆగిపోయింది.

అప్పుడే గాలివాన అందుకుంది. రేకులు టపటపా కొట్టుకున్నాయి. దగ్గరలోనే ఎక్కడో పిడుగు పడింది. స్టేజీ పక్కన స్విచ్‌బోర్డు నుంచి నిప్పురవ్వలు రాలి, మొత్తం చీకటైపోయింది. వైరు కాలిన వాసన.

మంటలు, మంటలు అని ఎవరో కేకపెట్టారు. షెడ్డంతా ఒకేసారి లేచింది.

జనం గేటు వైపు. నేను స్టేజీ వైపు. వదిన చెయ్యి జారిపోయింది. ఎవరి మోచెయ్యో నా దవడకు తగిలింది. హారికా అని అరుస్తున్నాను, నా గొంతు నాకే వినపడటం లేదు.

కాలి కింద మెత్తగా తగిలింది. మనిషి. పెద్దావిడ. ఎలాగో చెయ్యి పట్టి లేపాను. ఇప్పటికీ అది గుర్తొస్తే ఒళ్ళు జలదరిస్తుంది.

అంతలో స్టేజీ మీద నుంచి పాట. మైకు లేకుండా, శ్రుతి లేకుండా, గొంతు చించుకుని ఎవరో ఆ పల్లవే పాడుతున్నారు.

సుభానీ అన్నయ్య.

పాట ఆపి గట్టిగా అన్నారు. "మేనమామను చెప్తున్నానండీ. ఆడపెళ్ళివారు కూర్చోండి. కూర్చుని పాడండి. మగపెళ్ళివారిని ముందు సాగనంపుదాం."

ఆ చీకట్లో ఎవరో నవ్వారు. ఒకరిద్దరు పల్లవి అందుకున్నారు. ఫోన్ లైట్లు ఒక్కొక్కటే వెలిగాయి.

అప్పుడు చూశాను. పిల్లలందరినీ గంప చుట్టూ కూర్చోబెట్టి, దాని అంచు పట్టుకోమన్నారు. ఆయన చెయ్యి హారిక తల మీద ఉంది. వెనకాల నటులు బోర్డు మీద ఇసుక కొడుతున్నారు.

నేను పైకి ఎక్కబోయాను. నేను పరుగెత్తితే అందరూ లేస్తారు.

"పిల్ల నా దగ్గరుంది. కూర్చో చెల్లెమ్మా."

కూర్చున్నాను. నా జన్మలో అంత కష్టమైన పని ఇంకొకటి చేయలేదు. మా వైపు వాళ్ళమంతా వణుకుతూ, వియ్యాలవారి మీసాలను వెక్కిరిస్తూ పాడాం. కుడివైపు ఖాళీ అయ్యింది. తర్వాత మేం, వెనక వరస నుంచి. ఆఖరున పిల్లలు. వాళ్ళ వెనక ఆయన.

దెబ్బలు తగిలినవాళ్ళు ఉన్నారు. ప్రాణం మాత్రం ఎవరికీ పోలేదు.

బయట వానలో హారికను నా చేతుల్లో పెట్టి, గోడ పక్కకు వెళ్ళి వాంతి చేసుకున్నారు. వదిన వీపు నిమురుతోంది. నన్ను చూసి నెమ్మదిగా అన్నారు. "నాకూ భయమే చెల్లెమ్మా. నోరు ఆపితే ఏడ్చేస్తానని పాడాను. ఎవరికీ చెప్పకు."

పోయిన వారం అన్నయ్య, ఛాతీలో పట్టేసినట్టు ఉంటోందన్నారు. విజయవాడ వెళ్ళి టెస్టు చేయించుకోమని డాక్టర్ రాశారట. వదినకు చెబితే కంగారు పడుతుందని, నన్ను తోడు రమ్మన్నారు. నెలాఖరు పని ఉంది, వచ్చే వారం వెళ్దామన్నాను.

సరేనన్నారు.

నిన్న ఇనగుదురుపేటలో వాళ్ళింటికి వెళ్ళాను. వదిన నన్నేమీ అడగలేదు. ఆ టెస్టు సంగతి ఆమెకు ఇంకా తెలియదు. నేను చెప్పలేకపోయాను. చెప్పాలి. ఎలా చెప్పాలో తెలియక నిన్న రాత్రంతా భయంతోనే గడిచింది. రేపు వెళ్ళి చెప్తాను.

అన్నయ్యా, సెలవు. మీకు భయమన్నదే అక్కర్లేని చోట ఆ అల్లా మిమ్మల్ని చల్లగా నిద్రపుచ్చాలి.