ఇంకొక్క బుడగ

మెకానిక్ ఎర్రల్ పాస్కో కారు కింద దూరితే బయటికి కనిపించేవి రెండు బూట్లు, ఒక వేలు. ఆ వేలు పైకి లేచిందంటే బ్రేకు గొట్టంలో ఇంకొక్క బుడగ ఉందని అర్థం. ముప్ఫై ఏళ్లుగా నర్రాడిన్ ఊళ్లో ఆ వేలు ఒక్క రోజులో దిగిన కారు అరుదు.

ఐలీన్ మూడు రోజులుగా ఆ వేలిని పక్క అద్దంలో చూస్తోంది. భర్త కోలిన్ పోయి రెండు నెలలైంది. ఆమె ఇల్లు ఊరి చివర, గోధుమలు నిల్వచేసే సిలోలు దాటాక. ఈ రెండు నెలల్లో ఆమె ఎక్కువగా మాట్లాడింది టీ కెటిల్‌తో. కోలిన్ కారు బ్రేకు నూనె కారుతుంటే ఎర్రల్ షెడ్డుకి తెచ్చింది. పాడైన భాగాలు ఎర్రల్ మొదటి రోజే మార్చేశాడు. లోపల చేరిన గాలి తీయడమే మిగిలింది.

"పెడల్ తొక్కడానికి ఓ కాలు కావాలి," అన్నాడు.

"నీకు లేవా కాళ్లు?"

"రెండూ కారు కింద ఉంటాయిగా. ఎక్కి కూర్చో. నొక్కు అంటే నొక్కు, పట్టు అంటే అలాగే పట్టుకో. నేను మర బిగించకముందు కాలు తీశావో, గొట్టం బయటి గాలిని మళ్లీ పీల్చేస్తుంది. పనంతా మొదటికొస్తుంది."

"ముందు ఏ చక్రం?"

"ఎడమ వెనకది. అన్నిటికన్నా దూరంగా ఉన్నదాంతో మొదలుపెట్టాలి."

ఇక అదే పాట.

"నొక్కు."

"నొక్కాను."

"పట్టు. కోలిన్ టీలో చక్కెర ఎన్ని చెంచాలు?"

"మూడు. బ్రేకుకీ దానికీ ఏమిటి సంబంధం?"

"పట్టు, పట్టు. మూడా! వదులు."

మొహం కనపడని మనిషితో మాట్లాడటం తేలిక. మూడో రోజుకి, కోలిన్ గురక భరించలేక కుక్క వరండాలోకి మకాం మార్చిన సంగతి కూడా చెప్పేసింది. కారు కింద బూట్లు నవ్వి నవ్వి కదిలాయి. తర్వాత వేలు లేచింది.

"ఈ సీటు నా నడుం విరగ్గొడుతోంది, ఎర్రల్."

"రేపు రా. ఇంకొక్క బుడగ."

ఆ సాయంత్రం పోస్టాఫీసు లాయిడ్ ఉత్తరాలు అందిస్తూ అడిగాడు. "ఇంకా గాలే తీస్తున్నాడా?"

"మొండి బుడగట."

లాయిడ్ పగలబడి నవ్వాడు. "పావుగంట పని తల్లీ అది! గొట్టం పెట్టిన సీసా ఒకటుంది వాడి దగ్గర. ఒక్కడే కూర్చుని గాలంతా లాగేస్తాడు. మా అమ్మ పోయినప్పుడు నాతో తొమ్మిది రోజులు తొక్కించాడు."

"నువ్వేం అనలేదా?"

"కాలు బలపడిందన్నాను."

సిలోల దాకా ఆమెకి కోపం తగ్గలేదు. మూడు రోజులు ఊరంతా చూస్తుండగా వెర్రిదానిలా తొక్కింది! రేపు వెళ్లి తాళాలు లాక్కుని వచ్చేయాలనుకుంది. ఇంటి తలుపు తీసింది. ఫ్రిజ్ ఒక్కటే గుర్రుమంటోంది. లైటు వేయకుండా చాలాసేపు నిలబడింది.

మర్నాడు వెళ్లేసరికి ఎర్రల్ అప్పటికే కారు కింద ఉన్నాడు.

"ఇవాళతో సరి, ఐలీన్. నాలుగు చక్రాలూ శుభ్రం. చివరిసారి ఒక్కటి నొక్కు, తీసుకెళ్లిపోవచ్చు."

ఆమె అద్దంలోకి చూసింది. వేలు లేవలేదు.

"నొక్కు."

"నొక్కాను." పెడల్ రాయిలా ఉంది, లోపల బుడగన్నదే లేదు.

"పట్టు."

కింద మర వదులై పెడల్ కొంచెం దిగింది. అతను బిగించకముందే ఆమె కాలు తీసేసింది.

గొట్టంలో గుటుక్కుమంది.

"కాలు జారిందా?"

"జారింది."

"కొత్త బూట్లా?"

"పాతవే."

అప్పుడు, నెమ్మదిగా, వేలు లేచింది.

మరునాడు పొద్దున్నే ఎర్రల్ తన ఇంటి సోఫాలో ఎవరూ కూర్చోని వైపున్న దిండు తెచ్చి డ్రైవరు సీటులో వేశాడు. ఎడమ వెనక చక్రం పక్కన కారు కిందికి దూరాడు. ఐలీన్ ఇంకా సిలోల దగ్గరే ఉండగా, వేలు పైకెత్తి ఉంచాడు.