పటం వెనక తీగ ముడి

గల్ఫ్ యుద్ధం మొదలైన వారానికే సౌదీలోని ధహ్రాన్‌లో మాకు వీసాలిచ్చి పనిలో పెట్టుకున్న యజమాని, మా కఫీల్, భార్యాపిల్లలతో జెద్దాకు వెళ్లిపోయాడు. కడప నుంచి వచ్చిన పనిమనిషిని ఒక్కదాన్నే ఇంటికి కాపలా ఉంచాడు. ఆమె పాస్‌పోర్టులో ఊరికి పోయే ఎగ్జిట్ ముద్ర అప్పటికే పడి ఉంది. గడువులోగా దేశం దాటకపోతే అది చెల్లదు. అయినా పాస్‌పోర్టును సొరుగులో పెట్టి, యుద్ధమయ్యాక చూద్దామన్నాడు.

నేను మెయింటెనెన్సు పనివాణ్ణి. విషవాయువు వస్తుందని అందరికీ భయం, అందుకని కిటికీలకు ప్లాస్టిక్ పరిచి టేపు వేయడానికి ఆ ఇంటికి వెళ్లాను. హాల్లో రాగిరేకు మీద చెక్కి అచ్చేసిన పాత పటం ఉంది. అందులో ఏ దేశపు కోటో ఏమో, దాని గోడ మీద అంతా ఆడవాళ్లే. ఒకామె ఫిరంగికి నిప్పు పెడుతుంటే ఇంకొకామె ఒడి నిండా మందుగుండు మోస్తోంది. మగవాళ్లు ఎక్కడ చచ్చారో ఆ గీసినవాడికే తెలియాలి.

నాకు పుట్టుకతోనే అనుమానం ఎక్కువ. పటం కాస్త వంకరగా ఉందని వెనక చూశాను. దాన్ని తగిలించింది నేను, కానీ తీగ ముడి నాది కాదు. ఏం పోయినా ముందు పట్టుకునేది నన్నే కదా అని భయమేసి, వెనక అట్ట ఊడదీశాను. పాస్‌పోర్టు జారి కింద పడింది.

ఆమె వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

"అది నాదేన్నా. సొరుగులోంచి తీసి ఆడ దాచిపెట్టినా. ఇంగ నాల్గు దినాలే ఉండాది గడువు. మా ఊరి డ్రైవరు పెండ్లాం పిల్లోళ్లతో రేపు జెద్దా పోతాండాడు, వాళ్లతో పోయి విమానమెక్కుతా."

"కఫీల్ గూడ జెద్దాలనే ఉన్నడు గదక్కా!"

"ఉంటే? ఊరంతా ఆయప్పదేనా?"

"నువ్వు పోతవు, నన్ను ఇరికిస్తరు. ఇది నా ముడి గాదు. నేను ఎడమకు మూడు చుట్లు తిప్పి కొస లోపలికి మడుస్త."

"నువ్వేందన్నా, గాలిని గూడా అనుమానిస్తావు. ఆ బొమ్మలో ఆడోళ్లు ఎవురినడిగి ఫిరంగి పేల్చినారు?"

అంతలో సైరన్ మోగింది. పాస్‌పోర్టు ఆమె చేతిలో పెట్టి, అట్ట ఊడిన పటాన్ని అలాగే వదిలేసి బయటికి పరుగెత్తాను.

యుద్ధం ముగిశాక కఫీల్ తిరిగొచ్చాడు. ఆమెను పంపించింది నేనేనని అనుమానించాడు. నా చేయి పడిన ప్రతి వస్తువూ తిరగేయించాడు. ఆఖరికి ఆ పటం కూడా తిప్పించాడు.

అట్ట చక్కగా అతికించి ఉంది. తీగ, నేను ఆమెకు చెప్పినట్టే, ఎడమకు మూడు చుట్లు తిరిగి, కొస లోపలికి మడిచి ఉంది. కఫీల్ తగిలించమని పటాన్ని నా చేతికిచ్చాడు. పారిపోయే తొందరలో కూడా నన్ను కాపాడాలనుకున్న మనిషి, నన్ను ఇరికించి పోతుందనుకున్నాను. పటం తగిలిస్తుంటే ఏడుపొచ్చింది.