ఫోనులోకి ఎక్కిన పితృదేవతలు

మొన్న తెనాలి స్టేషనులో రేపల్లె బండి కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను. పక్కన పంచె కట్టుకుని, భుజాన సంచీ తగిలించుకున్న ఒక యువ పురోహితుడు ఫోను చూసుకుంటూ పెదాలు కదుపుతున్నాడు. ముసలితనం వచ్చినా వృత్తి అలవాటు ఎక్కడికి పోతుంది, ఆ పెదాల కదలికను బట్టే అది తద్దినం మంత్రమని పోల్చుకుని, ఊరుకోలేక ఓరకంట తొంగిచూశాను. చూడకపోయినా బాగుండేది. మంత్రానికీ మంత్రానికీ మధ్య 'ఇక్కడ కర్తకు ఊపిరి తీసుకోనివ్వాలి', 'ఇక్కడ నువ్వులు అయిపోయాయేమో చూసుకోవాలి' అని రాసివున్న మాటలు మా మేనమామవి. వాటిని అచ్చుకాగితాల నుంచి ఫోనులోకి ఎక్కించిన ఘనుణ్ణి నేను. ఎక్కించి ఊరుకోక తెలిసినవాళ్లందరికీ పంపాను కూడా.

నేను ఎవరినో మాటల్లో తెలియగానే ఆ పిల్లవాడు లేచి నిలబడ్డాడు. "బాపట్ల బాబాయిగారు మీరేనాండీ! మీ పుణ్యమా అని మాకెంత హాయిగా ఉందోనండి. పేర్లు కూడా ముందే కొట్టేసి పెట్టుకుంటున్నాం, అక్కడికెళ్లి అడిగే బాధే లేదండి" అని నా కాళ్లకు దణ్ణం పెట్టబోయాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ దణ్ణానికి నేను తగనని అతనికి చెప్పాలంటే ఒక సంగతి మొత్తం చెప్పాలి, అంతలో బండి వచ్చేసింది. అతనికి చెప్పలేకపోయిన ఆ సంగతి నా ఈడువాళ్లయిన మీతో చెప్పుకుంటాను.

నన్ను చిన్నప్పుడే పౌరోహిత్యం నేర్చుకోమని తెనాలిలో మా మేనమామ దగ్గర వదిలిపెట్టారు. ఆయన దగ్గర నాలాంటి వాళ్లం మరికొందరం ఉండేవాళ్లం. మంత్రాలైతే నోటికి వచ్చేవి గానీ, ఏ మంత్రం దగ్గర ఏ పని చేయించాలో, విస్తరి ఎటు పరవాలో, దర్భలు ఎప్పుడు మార్పించాలో తప్పులు తప్పులుగా చేసి ఆయన చేత మొట్టికాయలు తినేవాళ్లం. చెప్పీ చెప్పీ విసిగిపోయి ఆయన పని జరిగే వరుసంతా సొంత మాటల్లో రాసి, తెలిసిన ప్రెస్సులో చవక కాగితం మీద అచ్చు వేయించి, దారంతో కుట్టి తలా ఒకటి ఇచ్చాడు. అది గ్రంథమేమీ కాదు, పని మనుషుల కోసం పని తెలిసినవాడు రాసిన కాగితాలు. చనిపోయినవాళ్ల పేర్లు చెప్పాల్సిన ప్రతిచోటా వరసగా చుక్కలు పెట్టించాడు. అక్కడికి రాగానే ఆగి, కర్తను, అంటే ఆ తద్దినం పెట్టే కొడుకుని, పేరు అడగాలి. ఆ ఇంటికి ఏటేటా వెళుతున్నా సరే, పేరు నాలుక మీదే ఉన్నా సరే, అడిగి తీరాలి. జంపని ఊళ్లో ఒక ఇంటివాళ్ల పేర్లు నాకు కంఠతా వచ్చు కదా అని పెన్సిలుతో ఆ చుక్కల మీద రాసిపెట్టుకుంటే, మామయ్య చూసి, రబ్బరిచ్చి, తన ఎదుట కూర్చోబెట్టుకుని చెరిపించాడు. ఇదేం మొండి పట్టుదలరా బాబూ అని లోపల్లోపల తిట్టుకున్నాను.

తిట్టుకోవడానికి కారణం లేకపోలేదు. మీకూ గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో తద్దినంలో ముత్తాత పేరు అడిగితే ఇల్లంతా కదిలేది. కొడుకు బుర్ర గోక్కునేవాడు. పక్కగదిలోంచి మేనత్త ఒక పేరు చెబితే, అది కాదు, అది ఆయన అన్నగారి పేరని వసారాలోంచి ఎవరో దిద్దేవారు. ఆ మాట మీద ఆ ముత్తాత ఎవరితో తగువుపడి ఏ ఊరు వదిలి వచ్చాడో ఒక కథ బయటికి వచ్చేది, ఎవరో నవ్వేవారు, ఎవరో కళ్లు తుడుచుకునేవారు. పొద్దుటి నుంచి మంచినీళ్లయినా ముట్టని మాకు కడుపు మాడిపోతుండేది. గారెల వాసన వస్తుంటే ఆ ముత్తాత పేరేదో త్వరగా తేల్చండి మహాప్రభో అనుకునేవాణ్ణి.

మామయ్య పోయిన తరువాత నేను బాపట్లలో స్థిరపడ్డాను. కాకుమాను, పిట్టలవానిపాలెం, రేపల్లె వైపు ఊళ్లలో రైతు కుటుంబాలు నన్ను తమ ఇంటి పంతులుగా చేసుకున్నాయి. కాగితాలు నాతో బాటే ముసలివయ్యాయి. మడతల దగ్గర చిరిగి, పసుపు మరకలూ నెయ్యి మరకలూ పడి, చివరికి అక్షరాలకన్నా మరకలే ఎక్కువయ్యాయి. కంటికి ఆపరేషను అయ్యాక నాకు ఆ సన్న అక్షరాలు బొత్తిగా ఆనలేదు. మా కోడలు ఒక కాలేజీ ఆఫీసులో పనిచేస్తుంది, నా అవస్థ చూసి, ఫోనుతో ఒక్కొక్క పేజీ ఫోటో తీస్తే అందులోని అక్షరాలు మనం దిద్దుకోవడానికి వీలుగా తయారవుతాయని చెప్పింది. నేను నమ్మలేదు. ఆ పిల్ల ఒక పేజీ బల్ల మీద సాపుగా పరిచి ఫోటో తీసి చూపిస్తే, నిజం చెబుతున్నాను, మామయ్య ఫోనులోంచి మాట్లాడినంత సంబరపడిపోయాను.

అయితే ఆ యంత్రానికి మన లిపి అంత తేలిగ్గా లొంగలేదు. ఒత్తులు ఎగరగొట్టింది, పసుపు మరకను అక్షరమనుకుని ఏదో రాసిపెట్టింది. చుక్కల్ని మాత్రం పనికిరాని మచ్చలనుకుందో ఏమో, ఎక్కడివక్కడ మింగేసి, అటు మాటనీ ఇటు మాటనీ కలిపేసింది. సెలవు రోజుల్లో మామా కోడళ్లం కూర్చుని, నేను పైకి చదువుతుంటే తను దిద్దుతూ, ఆ పని ముగించాం. చుక్కలు మళ్లీ పెట్టమంటారా మామయ్యగారూ అని తను అడిగింది కూడా. నన్ను ఏ పురుగు కుట్టిందో, ఎందుకమ్మా, ఒక్కో కుటుంబానికి ఒక్కో ప్రతి తీసి, ఆ చోట పేర్లే కొట్టేస్తే పోలేదా అన్నాను. ఆ తెలివి నాదే. అందులో పాపం ఆ పిల్లకు పాలు లేదు.

ఇక చూడండి నా వైభవం! ఫోను ఎదురుగా పెట్టుకుని, పెద్ద పెద్ద అక్షరాలు చూసి చదువుతూ, ఎవరినీ ఏమీ అడగకుండా చకచకా కానిచ్చేసేవాణ్ణి. పంతులుగారు భలే ఫాస్టండీ అని జనం మెచ్చుకుంటుంటే మీసం లేదు గానీ ఉంటే మెలేసేవాణ్ణి. తోటి పురోహితులకు కూడా ఈ ప్రతి పంపి, పేర్లు ఎక్కడ కొట్టుకోవాలో దగ్గరుండి నేర్పాను. ఒక ఇంట్లో పెద్దాయన కాలం చేస్తే నా పని మరీ తేలిక. అంతవరకూ తద్దినం పెట్టే కర్తగా ఉన్న ఆయన పేరును తండ్రి చోటికి, తండ్రిని తాత చోటికి, తాతను ముత్తాత చోటికి ఒక్కో మెట్టు పైకి జరిపి, అందరికంటే పైనున్న పాత ముత్తాతను తీసేస్తే కొడుక్కి కొత్త ప్రతి తయారు. టీ తాగే లోపల అయిపోయేది.

పిట్టలవానిపాలెంలో అలాంటి ఇల్లే ఒకటుంది. అన్నదమ్ములిద్దరూ విడివిడిగా ఉంటూ, వాళ్ల తండ్రి తద్దినం ఎవరింట్లో వాళ్లు నా చేతే పెట్టించుకునేవారు. కాబట్టి నా ఫోనులో అన్నగారికొక ప్రతి, తమ్ముడిగారికొక ప్రతి ఉండేవి. ఒకే ఇంటిపేరు, ఒకే గోత్రం, ఒకే తండ్రీ తాతా. అన్నగారు పోయారు. ఏడాది తిరిగి ఆయన కొడుకు మొదటి తద్దినం పెడుతున్నాడు. నేను బస్సులో కూర్చుని కొత్త ప్రతి తయారు చేసుకున్నాను. అన్నగారి ప్రతి తీయబోయి తమ్ముడిగారి ప్రతి తీశాను. పేర్లన్నీ శ్రద్ధగా ఒక మెట్టు పైకి జరిపాను. ఇంకేముంది, బతికున్న తమ్ముడిగారు చనిపోయిన తండ్రి చోట కూర్చున్నారు.

ఆ తమ్ముడిగారు ఆ రోజు అక్కడే, గుమ్మం పక్కన కుర్చీలో ఉన్నారు. కుర్రవాడు ఉత్తరీయం కుడి భుజం మీదికి మార్చుకుని, దక్షిణం వైపు తిరిగి, నేను ఒక్కో మాట చెబుతుంటే వల్లిస్తూ నువ్వులూ నీళ్లూ వదులుతున్నాడు. నేను ఫోను చూసి బాబాయి పేరు చదివాను. తండ్రి పోయిన దుఃఖంలో ఉన్నాడు, పైగా అర్థం తెలియని సంస్కృతం, ఆ పిల్లవాడూ అదే పేరు అనేసి నీళ్లు వదిలేశాడు. మళ్లీ చదివాను, మళ్లీ వదిలాడు. అప్పుడు వంటింటి గుమ్మం దగ్గర నుంచి, ఆకులు తుడుస్తున్న తమ్ముడిగారి భార్య కేక వేసింది.

"అయ్యయ్యో! పంతులుగారండీ, అది మా ఆయన పేరండీ!"

నాలుక కరుచుకున్నాను గానీ, కరుచుకుంటే వెనక్కి వస్తుందా అన్న మాట? కుర్రవాడు తడిచేయి గాల్లోనే పెట్టి బిగుసుకుపోయాడు. ఆవిడ చేతిలో ఆకులు కింద పడేసి, రెండు చేతులతో పుస్తెలు కళ్లకద్దుకుంటూ ఏడవడం మొదలుపెట్టింది. ఆయన మాత్రం పెద్ద మనసు మనిషి. "ఊరుకోవే, ఏంటా ఏడుపు? నాకూ రెండు చుక్కలు ముందుగా అందాయి, అంతేగా. కానివ్వండి పంతులుగారు" అని నవ్వబోయారు. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. నా తల ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు. ప్రాయశ్చిత్త మంత్రం చెప్పి, మొదటి నుంచీ అంతా మళ్లీ చేయించాను, ఈసారి పేరు అడిగి. స్వయంపాకం కింద బియ్యమూ కూరలూ ఇచ్చేటప్పుడు ఆవిడ నా ముఖం వంక చూడలేదు.

తద్దినాన్ని కొని తెచ్చుకోవడమంటే ఇదేనని తిరుగు బస్సులో కూర్చుని ఏడ్చాను. ఫోను తీసి, ఆ ఇంటికి సంబంధించిన ప్రతులన్నీ, అన్నగారిదీ తమ్ముడిగారిదీ, చెరిపేశాను. వాటిని చూస్తే మళ్లీ ఆ కేక వినపడుతుందని భయం. తమ్ముడిగారి పేర ఆయుష్య హోమం నా ఇంట్లో నేనే చేసుకున్నాను, చేశానని వాళ్లకు చెప్పడానికి కూడా ముఖం చెల్లలేదు. ఆ తరువాత పిట్టలవానిపాలెం నుంచి ఏ ఫోను వచ్చినా గుండెల్లో రాయి పడేది. ఆయనకు దగ్గు వచ్చిందన్నా అది నేను తెప్పించిందే అనిపించేది. దైవానుగ్రహం, ఆయన ఈ రోజుకీ నిక్షేపంగా పొలం వెళ్లి వస్తున్నారు. కానీ ఆవిడ ఆ ఏడాదంతా ఎంత భయపడి బతికిందో ఎవరు కొలిచి చెప్పగలరు? ఆ ఇంటి గడప ఇక తొక్కనేమో అనుకున్నాను.

మరుసటేడు భాద్రపదంలో మహాలయ పక్షాలకు ఆ కుర్రవాడే ఫోను చేశాడు. "బాబాయి మీరే రావాలంటున్నాడండి. పిన్ని కూడా సరేనందండి" అన్నాడు. ఆవిడ సరేనందన్న మాట విని నాకు కళ్ల నీళ్లు తిరిగాయి. ఫోను ఇంట్లో పెట్టేసి, పాత కాగితాలు పట్టుకుని వెళ్లాను. మహాలయంలో తండ్రి వైపు మగవాళ్లతో బాటు ఆడవాళ్లకూ నీళ్లు వదలాలి. ఒక్కొక్క పేరూ అడిగాను. కుర్రవాడు తండ్రి పేరు, తాత పేరు చెప్పాడు, ముత్తాత పేరు బాబాయి అందించారు. చనిపోయిన తల్లి పేరు చెప్పాడు, నాయనమ్మ పేరు చెప్పాడు. నాయనమ్మ గారి అత్తగారి పేరు దగ్గర ఆగిపోయాడు.

బాబాయి వైపు చూశాను. ఆయన నుదురు రుద్దుకున్నారు. "మేం నాయనమ్మ అని పిలవడమే గానీ పేరు... మీ దగ్గర ఉంటుంది కదండీ పంతులుగారు? ఏటా మీరే చెబుతారుగా" అన్నారు. నిజమే, చాలా ఏళ్ల కిందట వాళ్లమ్మగారు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, సిగ్గుపడుతూ, అత్తగారి పేరు కదా అని గొంతు తగ్గించి నాకు చెప్పిన పేరది. నోటికి వచ్చేదాన్ని ఫోనుకు అప్పజెప్పాను, ఫోనులోంచి నా చేతులతో నేనే చెరిపాను. ఇప్పుడెంత తల బాదుకున్నా మొదటి అక్షరమైనా తట్టలేదు. పేరు తెలియనప్పుడు దేవుడి పేరు చెప్పి గడిపే దారి శాస్త్రంలో ఉంది, అలాగే గడిపాను. పిలిచి పెద్దరికం ఇచ్చిన ఇంట్లో, గోరుచుట్టు మీద రోకటిపోటులా, రెండోసారి తల దించుకున్నాను.

ఇప్పుడు మా పంతుళ్లలో ఎవరు ఏ ఇంటికి వెళ్లినా పని త్వరగా అయిపోతోంది, అందరూ సంతోషంగానే ఉన్నారు, మాకూ వేళకింత ముద్ద దొరుకుతోంది. అడిగేవాడూ లేడు, తలుచుకుని చెప్పేవాడూ లేడు. కథ చెప్పే మేనత్తల్ని నోరు మూయించినవాళ్లలో నేను మొదటివాణ్ణి అనుకుంటే అన్నం సయించదు.

ఆ మహాలయం రోజున నేను లేచి వస్తుంటే ఆవిడ, ఏడాది పాటు నా వంక చూడని ఆవిడ, తనంతట తానే పలకరించింది. "బాధపడకండి పంతులుగారు. ఆడవాళ్ల పేర్లు ఎవరికి గుర్తుంటాయిలెండి. రేపు మాదైనా అంతేగా" అంది. అప్పుడు తట్టింది, ఇన్నేళ్లుగా ఆ ఇంట్లో వ్రతాలకీ నోములకీ ఆవిణ్ణి 'ధర్మపత్నీ సమేతస్య' అని ఆయన పేరు వెనక కలిపేసి గడిపానే గానీ, ఆవిడ పేరేంటని ఏనాడూ అడగలేదు. అడుగుదామని నోరు తెరిచాను. చేతిలో ఇంకా నువ్వులు అంటుకునే ఉన్నాయి. ఆ చేతులతో, ఆ ఇంట్లో, ఆవిణ్ణి పేరు అడగడానికి నాకు ధైర్యం చాలక, వస్తానమ్మా అని మెట్లు దిగి వచ్చేశాను.